తీర్థమంటే దాటడం: మక్తల్ నుండి కురవపురానికి

దత్త సంప్రదాయంలో కలియుగ ప్రథమావతారంగా ఆరాధింపబడే శ్రీపాద శ్రీవల్లభుల జన్మస్థానం తూర్పు సముద్రతీరానికి సమీపంలోని పిఠాపురం. వారి తపోభూమి కృష్ణానదీ మధ్యంలోని కురవపుర ద్వీపం. నేటి పాలనావిభాగాలలో అది కర్ణాటకలోని రాయచూరు జిల్లాకు చెందినదే అయినా, తెలంగాణ వైపు నుండి వచ్చే భక్తులకు దాని ద్వారం నారాయణపేట జిల్లాలోని మక్తల్. అక్కడ పడమటి ఆంజనేయస్వామికి నమస్కరించి, పంచదేవపహాడ్ చేరి, పుట్టిలో నదిని దాటడం యాత్రాక్రమం. ఈ చివరి మజిలీని శక్తి ఉన్నవారు పాదచారులై గడపడమే శ్రేయస్కరం.

నేడు అధికసంఖ్యాకుల యాత్ర వేరొక తీరున సాగుతోంది. రేవు వరకు వాహనం, రేవులో అసహనం, ద్వీపంలో త్వరిత దర్శనం, సంధ్యలోగా తిరుగుప్రయాణం. దర్శనం లభించిందన్న తృప్తి కలుగుతుంది. కాని మనస్సు ఇంటి వద్ద ఏ స్థితిలో బయలుదేరిందో అదే స్థితిలో గర్భాలయం ముందు నిలుస్తుంది. ‘తీర్థ’ శబ్దం దాటడమనే అర్థంగల ‘తౄ’ ధాతువు నుండి పుట్టింది. దేహం ఆవలి ఒడ్డుకు చేరినంత మాత్రాన ఆ ధాత్వర్థం సిద్ధించదు. జొన్నచేల నడుమ, పత్తిచేల నడుమ గడిచే ఆ కొన్ని గంటల నడక మనస్సుకు ఇచ్చే వ్యవధి అమూల్యమైనది. మొదటి గంటలో లౌకిక చింతలు, రెండవ గంటలో కాళ్ల నొప్పి, ఆపై క్రమంగా నామం మిగులుతాయి.

గురుచరిత్రలోని కురవపుర ఘట్టాలను పరిశీలిస్తే ఒక విశేషం గోచరిస్తుంది. మందబుద్ధియైన కుమారునితో ప్రాణత్యాగానికి సిద్ధపడి వచ్చిన అంబిక గురువును కలుసుకున్నది నదీతీరంలో. నిత్యం నమస్కరించే రజకునికి రాజభోగవాంఛ పుట్టిందీ, గురువు అతనికి మరుజన్మ వరమిచ్చిందీ ఆ నదివద్దనే. వల్లభేశుడనే వర్తకుడు మొక్కు చెల్లించడానికి కురవపురం వస్తూ దారిలో చోరుల చేత హతుడైనాడు. అప్పటికే అంతర్హితులైన శ్రీపాదులు ఆ మార్గమధ్యంలోనే ప్రత్యక్షమై అతనిని పునర్జీవితుని చేశారు. అతడు క్షేత్రాన్ని చేరకముందే గురువు అతనిని చేరుకున్నారు. కనుక దారినీ, రేవునూ దర్శనానికి ముందున్న ఆటంకాలుగా కాక క్షేత్రంలో భాగంగానే భావించాలి.

కురవపురంలో చాతుర్మాస్యం ఆచరించిన వాసుదేవానంద సరస్వతీస్వామి, అంటే టెంబేస్వామి (1854–1914), యతిధర్మాన్ని అనుసరించి ఆసేతుహిమాచలం పాదచారులై సంచరించారు. గృహస్థులకు అంతటి నియమం సాధ్యం కాదు. ఒక్క పూట నడక మాత్రం చాలామందికి సాధ్యమే.

యానారూఢులకు యాత్రాఫలం తగ్గుతుందని ధర్మశాస్త్ర నిబంధాలు చెబుతాయి. అయితే ఆ మాటను వృద్ధుల మీద, రోగుల మీద ప్రయోగించడం అధర్మం. అశక్తులకు మినహాయింపు ఇవ్వడం శాస్త్రస్వభావమే. నడిచినవాడు నడవలేనివానిని తక్కువగా చూస్తే అతని పాదాలు మాత్రమే యాత్ర చేసినట్లు. స్కాందపురాణంలోని కాశీఖండం సత్యం, క్షమ, ఇంద్రియనిగ్రహం, భూతదయ మొదలైన మానసతీర్థాలను పేర్కొంటుంది. వాటిలో స్నానం లేని పాదచారం వ్యాయామం మాత్రమే.

ఇంతకంటె గురుతరమైన విషయం మరొకటి ఉంది. వర్షాకాలంలో, ఎగువన నారాయణపూర్ జలాశయం ద్వారాలు తెరిచినప్పుడు, భీమానది కూడా పొంగి తంగిడి వద్ద కృష్ణతో కలిసినప్పుడు, పుట్టి నడపడం ప్రాణాపాయకరం. ఇంత దూరం వచ్చాం, ఎలాగైనా దాటించమని పుట్టి నడిపేవానిని నిర్బంధించడం భక్తి కాదు. అది తన సంకల్పాన్ని గురుసంకల్పం కంటె పైన నిలపడం, పైగా కుటుంబాన్ని పోషించుకొనే మరొకని ప్రాణాన్ని తన మొక్కుకు పణంగా పెట్టడం. అటువంటి దినాన రేవులో కూర్చొని, నదికి పుష్పం సమర్పించి, ద్వీపం వైపు తిరిగి జపం చేసి మరలిపోయినవాని యాత్ర అసంపూర్ణం కాదు. వల్లభేశుని వృత్తాంతమే అందుకు ప్రమాణం. మరణించడానికి నదికి వచ్చిన అంబికను వెనుకకు మరల్చిన గురువు, దర్శనం కోసం ప్రాణాలు పోగొట్టుకోమని ఏ భక్తునీ అడగరు.

శక్తి ఉన్నవారు మక్తల్‌లో వాహనాన్ని విడిచి నడవాలి. లేనివారు వాహనంలోనే మౌనంగా నామస్మరణ చేయాలి. రేవు చేరాక నది అనుమతిస్తే దాటాలి, లేకుంటే వేచి ఉండాలి. ఆ వేచి ఉండడంలో అహంకారం కొంతైనా కరిగితే, దాటవలసినదానిలో కొంత దాటినట్లే.

శ్రీ గురుభ్యో నమః