తెల్లని బిడ్డ - తప్పు ఎవరిది?

ఒక ఇంట బిడ్డ పుడతాడు. తలవెంట్రుకలే కాదు, కనురెప్పల రోమాలు సైతం తెల్లగా ఉంటాయి. వెలుతురులో కళ్లు తెరవలేడు. చూడవచ్చిన బంధువుల నోట మొదట వెలువడే మాట, "కడుపుతో ఉండగా తల్లి ఏం తిన్నది? గ్రహణం చూసిందా?" ఆ మాట బాలింత గుండెలో ముల్లులా దిగుతుంది.

ఈ స్థితిని అల్బినిజం అంటారు. ఇది బొల్లి కాదు, అంటువ్యాధి అసలే కాదు. చర్మానికి, జుట్టుకు, కళ్లకు రంగునిచ్చే మెలనిన్‌ను శరీరం టైరోసిన్ అనే ఆమైనో ఆమ్లం నుండి తయారుచేసుకుంటుంది. అందుకు టైరోసినేజ్ అనే ఎంజైమ్ అవసరం. దానిని రూపొందించే జన్యువు 11వ క్రోమోజోమ్‌పై ఉంది. అందులో లోపముంటే రంగు ఏర్పడదు. 15వ క్రోమోజోమ్‌పై గల మరో జన్యువు లోపించినా ఈ స్థితి కలుగుతుంది. ఆహారానికీ, గ్రహణానికీ దీనితో సంబంధం లేదు.

ప్రతి బిడ్డకూ ఈ జన్యువు రెండు ప్రతులుగా లభిస్తుంది: తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి. ఒక్కటి సరిగా ఉన్నా చాలు, లోపం బయటపడదు. అలాంటివారిని వాహకులంటారు. భార్యాభర్తలిద్దరూ ఒకే జన్యులోపానికి వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ స్థితి కలిగే అవకాశం 4లో 1 వంతు. కనుక నిందను కోడలిపై మాత్రమే మోపడం అన్యాయం.

ఖాలా, మామూ, చాచా, ఫూఫీ పిల్లల మధ్య వివాహం ధర్మసమ్మతమే గాని విధి కాదు. అలాంటి దంపతుల జన్యువులలో సుమారు 8వ వంతు ఉమ్మడిగా ఉంటాయి. అందువల్ల ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. వంశంలో ఇలాంటి బిడ్డ ఉన్నట్లయితే, మరో సంబంధం కలుపుకునే ముందు జన్యు వైద్య నిపుణుల సలహా తీసుకోవడం వివేకం. హైదరాబాద్ నిమ్స్‌లో ఇందుకు వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది.

ఈ పిల్లల తెలివితేటలకు లోటు ఉండదు. చూపు మాత్రం మందగిస్తుంది. కంటి వైద్యునికి చూపించండి, బడిలో ముందు వరుసలో కూర్చోబెట్టించండి. నిండు చేతుల దుస్తులు, టోపీ, సన్‌స్క్రీన్ లేకుండా ఎండలోకి పంపకండి. చర్మంపై మానని పుండు కనిపిస్తే జాగు చేయకండి. వీరికి చర్మ క్యాన్సర్ ముప్పు ఎక్కువ.

మనుషుల రంగుల వైవిధ్యం అల్లాహ్ సూచనలలో ఒకటని విశ్వసించే మనం, ఆ బిడ్డను చూడబోయినప్పుడు ప్రశ్నలు కాదు, దుఆ తీసుకువెళదాం.