మాట వినని బిడ్డయా? మాట వినఁబడని బిడ్డయా?



మా రెండవవాని కాఱేండ్లు. మొన్నటి వానకాలమున జలుబు తగ్గిన పిమ్మట వాఁడు పిలిచినఁ బలుకుట మానెను. మొండితన మనుకొంటిని. ఊరిబిడ్డలకుఁ జదువు చెప్పు మావారే వానిని రెండుమాఱులు దండించిరి.

ఒకనాఁడు వాని వెనుక నిలిచి, "సున్నుండ కావలెనా నాయనా?" యని మెల్లగా నడిగితిని. కదలఁడయ్యెను. ఎదుటికి వచ్చి యడుగఁగనే నా పెదవులఁ జూచి చేయి చాఁచెను. నా గుండె చెఱువయ్యెను.

నడిచెవిలో నీరు నిలిచినదని వైద్యుఁడు చెప్పెను. కర్ణపటము వెనుక గాలితో నిండిన చిన్న గది కలదు. అందుండి ముక్కు వెనుకకు సన్నని గొట్టము పోవును. బిడ్డలలో నది పొట్టిది. జలుబుచే నది పూడినచో గదిలో ద్రవము చేరి, పటము చక్కగాఁ గదలదు. నొప్పిగాని జ్వరముగాని లేకపోవచ్చును. కావుననే తల్లికిఁ దెలియదు.

పొరుగింటి పిన్నిగారు తమ మనుమనికి వ్రాసియిచ్చిన స్టీరాయిడు మాత్రల చీటిని మాకుఁ బంపిరి. వారము దినములలో నీ రింకునఁట! నాకును ఆశ పుట్టినది. కాని విచారింపఁగాఁ దెలిసిన దిది.

వేల్సు, ఇంగ్లండు దేశముల వైద్యశాలలలో నీ విషయమును శోధించి 2018లో లాన్సెట్టు పత్రికయందుఁ బ్రకటించిరి. 2 మొదలు 8 ఏండ్లవఱకుఁ గల 389 మంది బిడ్డలు. వీరికి మూఁడు నెలలకుఁ దక్కువగాక బాధ యుండెను, రెండుచెవులయందును వినికిడి తగ్గియుండెను. కొందఱికి 7 దినములు ప్రెడ్నిసలోను, తక్కినవారికిఁ జూపున కట్టివే యగు మందులేని మాత్రలు నిచ్చిరి. అయిదువారములకు మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 40 మందికిని, పుచ్చుకొననివారిలో 33 మందికిని వినికిడి తగినంతగా నుండెను. ఈ కొలఁదిభేదము మందువలననే కలిగిన దనుటకుఁ జాలదని తేల్చిరి. మందు లేకయే మూఁడవవంతుమంది బాగుపడుట గమనింపుఁడు! 2016లో అమెరికా చెవివైద్యుల సంఘమువారును ఈ వ్యాధికి స్టీరాయిడులు వలదనియే చెప్పిరి. అయితే ఉబ్బసము మున్నగువానికై వైద్యుఁ డిచ్చిన స్టీరాయిడును మీయంతట మానరాదు.

మఱి చేయవలసిన దేమి? సాధారణముగా మూఁడునెలలు వేచియుండి, వినికిడి పరీక్ష చేయింపవలయును. అంతదనుక బిడ్డకెదుటికి వచ్చి, స్పష్టముగా మాటలాడుఁడు. చెవిలో నూనె పోయకుఁడు. నీరు తగ్గక వినికిడి లోపించియున్నచో, చెవివైద్యుఁడు పటమున గ్రోమెట్టను చిన్నగొట్ట మమర్పవచ్చును. మాటలు ఆలస్యమైన బిడ్డను, అంగుట చీలిక గల బిడ్డను మూఁడునెలలు ఆఁపక ముందే చూపవలయును. చీము, జ్వరము, తీవ్రమగు నొప్పి కలిగిన వెంటనే తీసికొనిపొండు.

మావానికిఁ గుడిచెవి బాగైనది. ఎడమచెవికి వచ్చునెలలో మఱల పరీక్ష. మావారు మాత్రము, పిలిచినఁ బలుకని పిల్లవానిని ఇప్పుడు దండింపరు. ముందుబల్లమీఁదికిఁ బిలిచి కూర్చుండఁబెట్టుకొనుచున్నారు.