చేతిపనులు: మూలనున్న కుట్టుయంత్రము



పాతవస్తువులను సేకరించి, బాగుచేసి, దాచుకొను వేడుక పాశ్చాత్యదేశములలో విస్తారముగ గలదు. అందొక శాఖ మనకు వింతగా దోచును. సముద్రమున పెద్దచేపలను బట్టు గాలపుకఱ్ఱలకు దారము చుట్టుకొను చిన్న యంత్రము లుండును, వీనిని రీళ్లందురు. ఇత్తడితోను, జర్మను సిల్వరుతోను, గట్టిపఱచిన రబ్బరుతోను చేసిన పాతరీళ్లను, 1932లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున నేర్పడిన పెన్ సంస్థ మున్నగువారు తొలిదినములలో చేసినవానిని, కొందఱు వెదకి వెదకి కొందురు. ఉప్పునీటిచే చిలుమెక్కి బిగిసిన మఱలను విప్పి, కడిగి, అరిగిన పండ్లచక్రములను మార్చి, నూనె యిచ్చి, అవి మఱల తిరుగునట్లు చేయుటయే వారి యానందము.

మదనపల్లె సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన యెత్తున నున్నది. పుంగనూరునకును, కుప్పమునకును గూడ సముద్రము దూరమే. మన చెఱువులలో చేపలు పట్టువానికి వెదురుకఱ్ఱయు దారమును చాలును, రీళ్లతో పనిలేదు. అయినను ఆ సేకరణకర్తల నేర్పు మనకు మిక్కిలి పనికివచ్చును. ఏలయన, ఉక్కును ఇత్తడియు గలిసి తిరుగు పాతయంత్ర మొకటి మన యిండ్లలోనే, మంచము క్రిందనో, అటకమీదనో, బియ్యపుబస్తాల వెనుకనో పడియున్నది. అది మన యవ్వల నాటి కుట్టుయంత్రము.

పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెత దీనియెడ నిజమైనది. పాతయినుము కొనువాడు వీధిలో కేకవేసినంతనే, ఎత్తుటకు బరువు, ఉంచుటకు చోటులేదు అని దానిని తూకమునకు పెట్టుచున్నాము. ఆ తూకమున నినుము తూగును గాని శ్రమ తూగదు. భర్త గతించిన పిమ్మట నలుగురి రవికెలు కుట్టి బిడ్డలను చదివించుకొన్న తల్లులను మేమెఱుగుదుము. ఇంటిపత్రములలో గాని పొలముపత్రములలో గాని పేరులేని యెందఱో స్త్రీలకు, తమదని చెప్పుకొనదగిన యాస్తి యీ యంత్ర మొక్కటియే. దానిని కిలోల లెక్కన నమ్మినచో, ఆ తల్లి బ్రదుకునకు మిగిలిన సాక్ష్యము గూడ పోవును.

ఈ యంత్రముల పుట్టుక తెలిసికొన్నచో వానిపై నాదరము పెరుగును. అమెరికాలో ఎలియాస్ హోవె 1846లోను, ఐజక్ సింగరు 1851లోను కుట్టుయంత్రములకు పేటెంట్లు పొందిరి. 1856 ప్రాంతమున సింగరు సంస్థ వాయిదాలపై అమ్మకము మొదలిడుటచే, ఒక్కమారుగ సొమ్ము చెల్లింపలేని సామాన్య గృహములలోనికి గూడ యంత్రము ప్రవేశించినది. స్కాట్లండు దేశమున క్లైడ్‌బ్యాంకు అనుచోట వారి గొప్ప కర్మాగారము 1885లో పని ప్రారంభించెను. మన దేశమునకు వచ్చిన పాత సింగరు యంత్రములలో పెక్కు అక్కడ పుట్టినవే. కలకత్తాలో 1930ల నుండి ఉషా యంత్రములు తయారైనవి. యంత్రవ్యామోహమును విమర్శించిన గాంధీగారు సైతము 1924లో కుట్టుయంత్రమును మినహాయించి, అది నిజముగ నుపకరించు కొలదివస్తువులలో నొకటియని చెప్పిరి.

మీ యింటి యంత్రము వయస్సు తెలిసికొనుట కష్టముగాదు. సింగరు యంత్రమైనచో పీఠముమీద కుడివైపున నొక సంఖ్య చెక్కబడియుండును. కేవల మంకెలే యున్నచో నది 1900కు పూర్వపుది. అటుపిమ్మట సంఖ్యకు ముందు ఆంగ్లాక్షరము నుంచిరి. ‘వై’ అను అక్షరముతో మొదలగునవి 1920లలోను, 1930ల తొలిభాగమునను క్లైడ్‌బ్యాంకులో చేసినవి. అవ్వ పెండ్లినాటిదని చెప్పుకొను యంత్రము నిజముగ నెప్పటిదో యీ సంఖ్యయే చెప్పును. దానిని వ్రాసియుంచుకొనుడు.

ఇక బాగుచేయు విధము. చక్రము తిరుగనిచో బలవంతముగ త్రిప్పరాదు. పెక్కు యంత్రములు విఱిగి యాగినవి గావు. నూనె గడ్డకట్టి యాగినవి. మన యిండ్లలో మిషను నూనె లేనప్పుడు కొబ్బరినూనెయో ఆముదమో పోయుట వాడుక. మదనపల్లె చలిలో కొబ్బరినూనె సీసాలోనే పేరుకొనుట మన మెఱుగుదుము. అట్టిది యంత్రపు సందులలో నేమగునో చెప్పనేల? ఆముదము నాళ్లు గడచినకొలది జిగురగును. ఈ జిగురు కరగుటకై నూనెపోయు రంధ్రములలో రెండేసి బొట్లు కిరసనాయిలు వేసి, ఒక రాత్రి యుంచి, మెల్లగ చక్రమును ముందునకు వెనుకకు కదల్పవలెను. ఈ పని పొయ్యికిని దీపమునకును దూరముగ, గాలి యాడుచోట చేయవలయును. కిరసనాయిలు దొరకనిచో మిషను నూనెనే దినమునకొకమారు వేయుచు, ఎండవేడిమి తగులుచోట నుంచిన, ఆలస్యముగ నైనను అదే ఫలము కలుగును. కదలిక వచ్చిన పిమ్మట మురికినంతయు తుడిచి, రాపిడిగల ప్రతిచోట నొక్కొక్క బొట్టు మిషను నూనె వేయుడు. ఒక్కబొట్టు చాలును, ఎక్కువైనచో గుడ్డకు మరక యగును.

తరువాత సూదిక్రింది పలకను విప్పుడు. విప్పిన మఱమేకులను తెల్లగుడ్డపై వరుసగ పేర్చుకొన్నచో మఱల బిగించునప్పుడు తడబాటుండదు. ముందుగ ఫోనుతో నొక చిత్రము తీసికొన్నను మేలే. గుడ్డను నడుపు పండ్లక్రింద ఏండ్లతరబడి చేరిన నూలుధూళి గట్టిపడి యుండును. దానిని కుంచెతోను పుల్లతోను తీసివేసినంతనే సగము రోగము కుదురును.

కొన్ని పాతయంత్రములలో క్రిందిదారము గుండ్రని బాబినులో గాక, పడవవంటి పొడవైన షటిలులో నుండును. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేయువారి మగ్గములందు అటునిటు పరుగిడు నాడెను చూచినవారికి దీనిని వర్ణింప నక్కఱలేదు. ఇది ఆ నాడెకు చిన్నచెల్లెలు. దాని మొనపై తుప్పున్నచో దారము తెగుచుండును. నూనెలో ముంచిన మెత్తని గుడ్డతో ఓపికగ రుద్దుడు. పాతసూదిని తీసివేసి క్రొత్తది పెట్టుడు. సూదికి పొడవైన గాడి యేవైపున గలదో ఆ వైపునుండి దారమెక్కింపవలెను. మొదట దారము లేకయే త్రిప్పి, పిదప పాతగుడ్డపై కుట్టి చూచుకొనుడు.

ఇక చేయరాని పనియొకటి గలదు. పుంగనూరులో మే మెఱిగిన యొక యింట, మంచియుద్దేశముతోనే, పాతయంత్రమును గరుకుకాగితముతో రుద్ది నల్లరంగు పూసిరి. అది క్రొత్తదివలె నిగనిగలాడినది. కాని దానిపైనున్న బంగారువన్నె పూలతీగెలు పోయినవి. సంఖ్య గూడ రంగుక్రింద మఱుగుపడినది. ఆ యింటి పెద్దామె దానిని చూచి, ఇది నా మిషను గాదే అనెను. కావున నల్లనిభాగమును మిషను నూనె యద్దిన మెత్తనిగుడ్డతో మాత్రమే తుడువుడు. స్పిరిటును, కిరసనాయిలును, చింతపండును ఆ పూలకు తగులనీయకుడు. ఇన్నేండ్లు చేయిపెట్టి గుడ్డ నడపినచోట పూలు కొంత యరిగియుండును. ఆ యరుగుదల యవ్వచేతి గుర్తు. దానిని కప్పిపుచ్చ నక్కఱలేదు. చేపలరీళ్ల సేకరణలో నేర్పరులు పాటించు ధర్మమిదియే: పనిచేయని దానిని మార్చుము, వయస్సు తెలుపు దానిని ఉండనిమ్ము.

పుంగనూరు పొట్టియావును చూడుడు. పెద్ద పశువులకై యెల్లరు నెగబడిన దినములలో అది దాదాపు కనుమఱుగైనది. పలమనేరు పశుపరిశోధనాకేంద్రమున వాని నుంచి పోషించిరి. నేడు దానినే వెదకి పెద్దవెల లిచ్చి కొనుచున్నారు. పోతయినుముతో చేసిన యీ యంత్రముల కట్టిగతి పట్టకుండుట మనచేతిలోనే యున్నది.

క్లైడ్‌బ్యాంకు కర్మాగారము 1980లో మూతపడినది. దానిలో పుట్టిన యంత్రములు మాత్రము కుప్పము వీధులలో నేటికిని రవికెలు కుట్టగలవు. విద్యుత్తు పోయిన సాయంకాలమున సైతము చేతితో త్రిప్పినచో కుట్టును. ఇట్టి యంత్రము మీ యింట నున్నచో, బాగైన పిమ్మట మఱల మూలకు చేర్పకుడు. తిరుగని మఱకు నూనె యెంత పోసినను బిగువు తప్పదు. ఇంటి యాడపిల్లను ప్రక్కన కూర్చుండబెట్టి, మొదట తలగడగలీబు, పిదప పావడా కుట్టనేర్పుడు. కుట్టునప్పుడు ఆ యంత్రము ఎవరిదో, ఎవరెవరికి అన్నము పెట్టినదో గూడ చెప్పుడు. సంఖ్య వ్రాసియుంచిన కాగితముననే ఆ పేరును గూడ వ్రాసి సొరుగులో నుంచుడు.