మూడేళ్ళ పిల్ల బొమ్మను దిద్దకండి

ఆగస్టు 14 రాత్రి తొమ్మిదింటికి ఏ ఊళ్ళోనైనా సరే, స్టేషనరీ కొట్టు ముందు కాసేపు నిలబడి చూడండి. భుజాన ఆఫీసు బ్యాగు దించకుండానే వచ్చిన తండ్రులు, వంట మధ్యలో వదిలేసి వచ్చిన తల్లులు. కాషాయం చార్టు ఉందా, ఆకుపచ్చ క్రేప్ కాగితం అయిపోయిందా, థర్మోకోల్ షీటు ఇంకొకటి ఇవ్వన్నా అని ఒకటే హడావుడి. ఇదంతా ఎవరికి? ఎల్‌కేజీ పిల్లకి. రేపు జెండా చేసి తేవాలని డైరీలో రాసి పంపారు. ఆ పిల్ల ఈపాటికి అన్నం తిని పడుకుని ఉంటుంది. అమ్మా నాన్నా అర్ధరాత్రి దాకా కూర్చుని కత్తిరించి, అంటించి, అశోకచక్రంలో ఇరవై నాలుగు ఆకులూ స్కేలు పెట్టి గీస్తారు. తెల్లారి పిల్ల దాన్ని పట్టుకెళ్తుంది. టీచర్ మెచ్చుకుంటుంది. ఫొటో క్లాసు వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది.

ఆ రోజు ఆ పిల్ల నేర్చుకున్న పాఠం ఒకటే. తన చేత్తో చేసింది బడికి పనికిరాదు, పెద్దవాళ్ళు చేసిందాన్ని తనదని చెప్పుకోవచ్చు. నాలుగేళ్ళకే మనం ఆ పిల్ల చేత అబద్ధం ఆడించి, పైగా చప్పట్లు కొట్టాం.

దీన్ని నేను దొంగతనం అంటాను. పిల్ల చేతికి రావలసిన పనిని పెద్దవాళ్ళు ఎత్తుకుపోవడం. ఏడాదికొకసారి జరిగే జెండా సంగతే కాదిది. ఎల్లో డే, గ్రీన్ డే, ఫాదర్స్ డే, దీపావళి, క్రిస్మస్ అంటూ ఏడాది పొడవునా ఇదే తంతు. బడి లేని ఆదివారం కూడా వదలం. ఫోన్లో ఒక వీడియో చూసి, కాగితం పళ్ళెంతో సింహం చెయ్యాలని పిల్లను కూర్చోబెడతాం. జూలు ఇక్కడ అంటించాలి, కళ్ళు అక్కడ పెట్టాలి, అలా కాదు నాన్నా ఇలా ఇవ్వు అని చేతిలోంచి లాక్కుంటాం. పది నిమిషాలకు పిల్ల లేచి వెళ్ళిపోతుంది. సింహం మటుకు పూర్తవుతుంది, స్టేటస్‌లోకి ఎక్కుతుంది. చివరికి ఏం రావాలో పెద్దవాళ్ళు ముందే తేల్చేసుకున్న పనిలో ఆ పిల్ల వాటా ఏముంది? కూలిపని తప్ప.

మూడేళ్ళ పిల్ల కాగితం మీద బరికేసేదాన్ని మనం పిచ్చిగీతలు అంటాం. అవి పిచ్చివి కావని తెలిసి యాభై ఏళ్ళు దాటింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో నర్సరీ బళ్ళు నడిపిన రోడా కెల్లాగ్ చిన్నపిల్లల బొమ్మల్ని పదిలక్షల దాకా పోగుచేసి పరిశీలించింది. 1969లో వచ్చిన ఆమె పుస్తకంలో ఆ గీతలు ఇరవై రకాలుగా తేలాయి. చుక్క, నిలువు, అడ్డం, ఏటవాలు, మెలిక, చుట్టలు చుట్టలుగా తిరిగే గీత. పిల్లలు వాటిలోంచి సున్నాను పట్టుకుంటారు. సున్నాలో అడ్డగీతలు వేస్తారు. సున్నా చుట్టూ కిరణాలు గీస్తే సూర్యుడు. ఆ సూర్యుడికి రెండు కిరణాలు కిందికి సాగితే మనిషి. తలకే కాళ్ళు మొలిచిన ఆ మనిషిని దేశదేశాల్లో పిల్లలు ఎవరూ నేర్పకుండానే గీస్తున్నారు. ఇంత పెద్ద ప్రయాణం చేసి వచ్చిన మనిషిని మీ పిల్ల మీకు చూపిస్తే మీరేం అంటున్నారు? "పొట్ట ఏదీ? చేతులేవీ?" అంటున్నారు. పెన్సిల్ తీసుకుని పొట్ట గీసి ఇస్తున్నారు. ఆ పొట్ట ఆ పిల్ల కొన్ని నెలల్లో తనంతట తాను కనిపెట్టుకోవలసింది.

చెయ్యి సంగతి చూడండి. పుట్టినప్పుడు మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల్లో ఏదీ గట్టిపడి ఉండదు, అంతా మెత్తని మృదులాస్థే. అవి ఒక్కొక్కటిగా ఎముకగా మారుతూ ఎనిమిదీ పూర్తయ్యేసరికి పిల్లకు దాదాపు పన్నెండేళ్ళు వస్తాయి. మూడేళ్ళ పిల్ల మణికట్టు ఎక్స్‌రేలో సగం ఖాళీగా కనిపిస్తుంది. ఆ చేతికి సన్నటి పెన్సిల్ ఇచ్చి చుక్కల మీద అక్షరాలు దిద్దించి, గీత దాటకుండా ఆపిల్‌కు ఎర్రరంగు వెయ్యమనడం క్రూరత్వం. ఈ మాట చాలామందికి పెద్దదిగా అనిపిస్తుందని తెలుసు. పేజీ చివరికొచ్చేసరికి వేళ్ళు విదుల్చుకుని ఏడ్చే పిల్లల్ని చూసినవాళ్ళకు అలా అనిపించదు.

రంగులు నింపే పుస్తకాలున్నాయే, వాటిని ఇంట్లోంచి తీసెయ్యమంటాను. వియన్నా నుంచి అమెరికా వెళ్ళిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్, పిల్లల చిత్రలేఖనం మీద 1947లో ఇప్పటికీ చదువుతున్న పెద్ద పుస్తకం రాసినవాడు, వాటిని గట్టిగా వ్యతిరేకించాడు. కారణం సులువైనది. పుస్తకంలో పక్షిని పెద్దవాళ్ళు గీసేశారు. దానిముందు తన పక్షి పక్షిలాగే లేదని పిల్లకు అర్థమైపోతుంది. ఆ తర్వాత "నాకు రాదు, నువ్వు గీసివ్వు" అంటుంది. మీ ఇంట్లో ఆ మాట వినిపించిందా? అది పిల్ల పుట్టుకతో తెచ్చుకున్న మాట కాదు, మనం నేర్పిందే.

ఇక బహుమతులు. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మానసిక శాస్త్రవేత్తలు స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వారి నర్సరీ బడిలో చేసిన ప్రయోగం ఒకటుంది. స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న మూడు నుంచి అయిదేళ్ళ పిల్లల్నే తీసుకున్నారు. కొందరికి, బొమ్మ గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న పత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత అవే పెన్నులు బడిలో ఊరికే పెట్టి చూశారు. బహుమతి ఆశ చూపించిన పిల్లలు గీయడానికి వెచ్చించిన సమయం మిగతావాళ్ళతో పోలిస్తే సగానికి పడిపోయింది. ఇష్టంగా చేసే పనిని మనం కొనుక్కుంటే, డబ్బులివ్వడం ఆగిన రోజున పని కూడా ఆగుతుందన్నమాట. యాభై ఏళ్ళ కిందటే తేలిన ఈ సంగతి పక్కన పెట్టేసి, మన అపార్ట్‌మెంట్లలో వినాయక చవితికి నాలుగేళ్ళ పిల్లలకు డ్రాయింగ్ పోటీలు పెడుతున్నాం. ఫస్టు, సెకండు, థర్డు. మిగిలిన పాతికమంది పిల్లలు ఆ సాయంత్రం ఓడిపోయి ఇంటికొస్తారు. అసోసియేషన్ పెద్దలకు చెబుతున్నాను, ఆ పోటీ మానెయ్యండి. నేల మీద పొడుగ్గా కాగితం పరిచి, గిన్నెల్లో రంగులు పెట్టి, పిల్లల్ని వదలండి.

కొట్లో దొరికే క్రాఫ్ట్ కిట్ల గురించి ఎక్కువ చెప్పను. అందులో ముక్కలన్నీ ముందే కత్తిరించి ఉంటాయి, అంటించడమే మిగులుతుంది. మెరిసే గ్లిట్టర్ ప్లాస్టిక్ పొడి. 2023 అక్టోబరు నుంచి ఐరోపా సమాఖ్య విడి ప్లాస్టిక్ గ్లిట్టర్ అమ్మకాన్ని ఆపేసింది, మన దగ్గర అదే పొడి పిల్లల అరచేతుల్లోంచి కంట్లోకి, కంచంలోకి పోతోంది. నీళ్ళలో వేస్తే ఉబ్బే జెల్ పూసలు ఇంటికి తేనే వద్దు. మింగితే కడుపులో కూడా ఉబ్బుతాయి, పేగుకు అడ్డం పడతాయి. పూసలు, బొత్తాలు, బొమ్మల్లోని నాణెం లాంటి బ్యాటరీలు మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో అందేచోట ఉండకూడదు.

మరి ఏం ఇవ్వాలి అని అడుగుతారు. అడగవలసిన అవసరమే లేని ఇళ్ళలో పెరిగినవాళ్ళం మనం.

చపాతీలు చేసేటప్పుడు నిమ్మకాయంత పిండి ముద్ద పిల్ల చేతికివ్వండి. పాము చేస్తుంది, పాముని తుంచుతుంది, తుంచిన ముక్కలు లడ్డూలంటుంది, లడ్డూలన్నీ కలిపి మళ్ళీ ముద్ద చేస్తుంది. మణికట్టుకూ వేళ్ళకూ ఇంతకన్నా మంచి పని ఏ బడీ ఇవ్వలేదు. కత్తెర నేర్పాలనుందా? మొన మొద్దుగా ఉన్న చిన్న కత్తెరతో ఆ పిండి పామునే కత్తిరించనివ్వండి, తర్వాత ఉల్లికాడలు, ఆ తర్వాత కాగితం. అంతకు ముందు చింపడం ఉంది. పాత దినపత్రిక ఇచ్చి ఎంత చింపుతావో చింపు అనండి. రెండేళ్ళ పిల్లకు అదే పెద్ద పని. చింపిన ముక్కలు అంటించడానికి మైదా ఉడకేసిన జిగురు చాలు, సినిమా పోస్టర్లు అంటించేది దాంతోనే.

రంగులకు ఎక్కడికీ పోనక్కర్లేదు. బచ్చలి పళ్ళు చిదిమితే ఊదారంగు సిరా. శంఖుపూలు వేడినీళ్ళలో వేస్తే నీలం, ఆ నీలంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే పిల్ల కళ్ళముందే గులాబీ వైపు తిరుగుతుంది. పసుపు నీళ్ళు పూసి ఆరబెట్టిన కాగితం మీద బట్టల సబ్బు నీళ్ళలో ముంచిన కుంచెతో గీయమనండి. గీసిన చోటల్లా ఎర్రగా తేలుతుంది. ఎందుకలా అని పిల్ల అడుగుతుంది. పసుపుకు సబ్బులోని క్షారం తగిలితే ఎర్రబడుతుందని, కుంకుమ చేసేది కూడా ఇలాగే పసుపులో సున్నం కలిపి అని చెప్పండి. ముదురు బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్దితే పువ్వు పడుతుంది. పెడనలో కలంకారి బట్టల మీద చెక్క అచ్చులతో చేసే పని కూడా అద్దడమే, పిల్లను ఎప్పుడైనా తీసుకెళ్ళి చూపించండి.

మట్టి ఉంది. తెలంగాణలో బతుకమ్మకు ముందు ఆడపిల్లలు పుట్టమన్ను తెచ్చి బొడ్డెమ్మను చేస్తారు. పాలమూరు వైపు మట్టెద్దుల అమావాస్యకు ఇంటింటా మట్టి ఎద్దులు తయారవుతాయి. వాటిలో ఏ రెండు ఎద్దులూ ఒకేలా ఉండవు, కొమ్ము వంకరపోయిందని ఎవరూ తిట్టరు. సంక్రాంతికి గొబ్బెమ్మ మీద ఏ పువ్వు ఎక్కడ గుచ్చాలో నాలుగేళ్ళ పిల్లే తేల్చుకునేది. ముగ్గులో చుక్కలు అమ్మవి, పక్కన పిడికెడు పిండితో పిల్ల పెట్టే ముగ్గు పిల్లది. ఇదంతా మగపిల్లలకూ ఇవ్వండి. వాడికి ముగ్గేంటి అనే నానమ్మకు, వాడి వేళ్ళు కూడా వేళ్ళేనని మెల్లగా చెప్పండి.

కొబ్బరాకుతో వాచీ, బూర, పాము చెయ్యడం వచ్చిన తాతయ్య మీ ఇంట్లో ఉంటే మీ పిల్ల అదృష్టవంతురాలు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి, లక్కలో చెట్ల రంగులు కలిపి పూసే బొమ్మ ఒక్కటి కొనిపెట్టండి. దాన్ని చూసి అలాంటిది చెయ్యమనొద్దు. చేత్తో చేసిన వస్తువు ఎంత నున్నగా, ఎంత బరువుగా ఉంటుందో చేతికి తెలిస్తే చాలు.

ఇల్లంతా పాడవుతుందంటారు. అవుతుంది. అద్దె ఇల్లు, గోడ మీద గీస్తే ఓనరు అడ్వాన్సులో కోస్తాడు. ఆ భయం నిజమైనదే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే బాత్రూములో టైల్సు ఉన్నాయి. స్నానానికి ముందు అక్కడ కూర్చోబెట్టి రంగులిస్తే, అయ్యాక గోడనూ పిల్లనూ ఒకేసారి కడిగెయ్యొచ్చు. పాత చీర పరిచి దాని మీద కూర్చోబెట్టొచ్చు. అసలు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. కడిగేదెవరు? నేల తుడిచేదెవరు? ఆఫీసు నుంచి వచ్చి వంట చేసి అంట్లు తోమిన మనిషే రంగు నీళ్ళు కూడా తుడవాలంటే ఆమె పిల్ల చేతిలో కుంచె ఎందుకు పెడుతుంది? ఫోనే పెడుతుంది, ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. తండ్రులూ, ఆ బకెట్టు మీరు పట్టుకోండి. వకీలు పని వదిలి భావనగర్‌లో 1920లో పసిపిల్లలకు బాలమందిరం పెట్టిన గిజుభాయి బధేకాను గుజరాత్‌లో మీసాలున్న అమ్మ అని పిలుచుకున్నారు. ఆ పేరును ఆయన నామోషీ అనుకోలేదు.

పిల్ల గీస్తున్నప్పుడు పక్కన కూర్చోండి, పల్లీలు వలుచుకోండి, నోరు మాత్రం అదుపులో పెట్టుకోండి. "ఏంటమ్మా ఇది, కుక్కా పిల్లా?" అని అడగొద్దు. అది ఏదో ఒకటి అయితీరాలన్న రూలు లేదు. "ఇక్కడ ఎర్రది ఎంత గట్టిగా నొక్కావో!" అనండి, మీరు చూశారని పిల్లకు తెలుస్తుంది. నల్లరంగొక్కటే వాడితే కంగారుపడకండి. ఆకాశానికి ఆకుపచ్చ వేస్తే వెయ్యనివ్వండి. కాగితమంతా నింపి, తడిపి, చివరికి చిరిగిపోయేదాకా రుద్దితే, రుద్దడమే ఆ రోజు పని. ఫొటో వద్దు. తియ్యాలనిపిస్తే ఒకటి తీసి మీ దగ్గరే ఉంచుకోండి.

బడుల సంగతికొస్తాను. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును పునాది దశ అంది. 2022లో ఆ దశకు తయారుచేసిన పాఠ్య ప్రణాళిక చట్రం, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు పాఠ్యపుస్తకాలే వద్దంది, ఆట, బొమ్మలు, చేతిపనుల ద్వారా నేర్పమంది. సర్కారు కాగితం మీద ఇంత స్పష్టంగా ఉంటే, నర్సరీకి పుస్తకాల సంచి, యాక్టివిటీ ఫీజు, రాత్రికి రాత్రి చెయ్యవలసిన థర్మోకోల్ గుడి ఎక్కడి నుంచి వస్తున్నాయి? ప్రైవేటు బడి యాజమాన్యాలు దీనికి జవాబు చెప్పాలి. టీచర్లను నేను అనడం లేదు. గోడ మీద వరుసగా ముప్ఫై ఒకేలాంటి సీతాకోకచిలుకలు లేకపోతే తల్లిదండ్రుల మీటింగులో అక్షింతలు పడేది వాళ్ళకే. ఆ ముప్ఫై సీతాకోకచిలుకల్ని అడుగుతున్నది మనమే.

అందుకే మొదటి అడుగు మనవైపు నుంచే పడాలి. ఈసారి డైరీలో "రేపు చార్టు చేసి పంపండి" అని వస్తే కొట్టుకు పరిగెత్తకండి. ఆ సాయంత్రం పిల్ల ముందు కాగితం, రంగులు పెట్టండి. వంకరగా చింపి, సగం అంటించి, ఒక మూల రంగు ఒలకబోసి ఏది చేస్తే దాన్నే సంచిలో పెట్టి పంపండి. అదే డైరీలో టీచరుకు రెండు ముక్కలు రాయండి: "మేడమ్, ఇది మా పాపే చేసింది. మేం చెయ్యి పెట్టలేదు, ఇకముందు కూడా పెట్టం."