పందెపు సొమ్ము ఎవరిది?

గుఱ్ఱముపై పందెము మనకు కొత్త కథ కాదు. ఉచ్చైశ్రవము తోక తెల్లనిదా నల్లనిదా యని కద్రూవినతలు పందెము వేసికొన్న కథను మన పిల్లలు చిన్ననాటనే విందురు. ఆ పందెములో ఓడిన తల్లి దాసి యయ్యెను. ఆ దాస్యము తీర్చుటకు ఆమె కుమారుడు గరుత్మంతుడు అమృతమునకై స్వర్గమునకు పోవలసి వచ్చెను. పందెము వేసినవారెవరు, వెల చెల్లించినవారెవరు అను ప్రశ్న ఆ కథలోనే యున్నది. పాశ్చాత్య దేశములలో నేడు జరుగుచున్న ఒక తరహా గుఱ్ఱపు పందెములను గూర్చి చదివినప్పుడు నాకీ కథయే జ్ఞప్తికి వచ్చినది.

హైదరాబాదులోని మలక్‌పేట, మద్రాసులోని గిండీ మైదానముల పేర్లు మనవారికి తెలియనివి కావు. గుఱ్ఱపు పందెము జూదమా, నైపుణ్యమా అను వివాదము సుప్రీంకోర్టు వఱకు పోయి, అది ప్రధానముగా నైపుణ్యమునకు సంబంధించినదేయని 1996లో తీర్పు వచ్చినది. అయితే నేను చెప్పబోవునది ప్రేక్షకులు కాయు పందెమును గూర్చి కాదు. గుఱ్ఱముల యజమానులు తమలో తాము కట్టుకొను పందెమును గూర్చి. దీనిని ఆంగ్లేయులు ‘సేల్స్ రేస్’ అందురు. మనము అమ్మకపు పందెమనవచ్చును.

దీని పద్ధతి యిట్లుండును. థారోబ్రెడ్ జాతి గుఱ్ఱపు పిల్లలను ఏడాది ప్రాయమున వేలము వేయుదురు. ఇంగ్లండులో టాటర్సాల్స్ అను వేలశాల 1766 నుండి ఈ పని చేయుచున్నది. అక్కడ నేటికిని పాట పౌనులలో గాక గినీలలోనే సాగును. గినీ యనగా 21 షిల్లింగులు. ఆ అదనపు షిల్లింగు వేలము వేయువాని పాలని పూర్వపు వాడుక. ఒకానొక వేలశాలలో పాటకు వచ్చిన పిల్లలు మాత్రమే మఱుసటి యేడు, రెండేండ్ల ప్రాయమున, ఒక పెద్ద బహుమతికై పరుగెత్తవలెనని నియమము పెట్టినచో అదియే అమ్మకపు పందెము. ఇంటనే పుట్టి పెరిగినదానికిని, మఱియొక శాలలో కొన్నదానికిని అందు ప్రవేశము లేదు, అది గాలిని మించి పరుగెత్తునదైనను సరే.

ఇట్టి నియమమేల? వేలములో కొనువాడు చూచునది వంశావళి, నడక, కండపుష్టి. పరుగు నెవరును చూడలేదు. కావున వెలకును విలువకును పొంతన యుండదు. 1983లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున కీన్‌లాండ్ వేలములో కోటి రెండు లక్షల డాలర్లకు పాడిన స్నాఫీ డాన్సర్ ఒక్కనాడును పందెమునకు దిగలేదు. 2006లో కోటి అరువది లక్షల డాలర్లు పలికిన గ్రీన్ మంకీ మూడుసార్లు పరుగెత్తి ఒక్కసారియు గెలువలేదు. ఇక 1975లో కేవలము 17,500 డాలర్లకు అమ్ముడుపోయిన సియాటిల్ స్లూ 1977లో అమెరికా దేశపు మూడు మహా పందెములను ఓటమి యెఱుగక గెలిచినది. ఇంతటి అనిశ్చయములో చేయి పైకెత్తుటకు కొనుగోలుదారు జంకును. పైగా, గుడ్డి గుఱ్ఱమైనను దాణా తప్పదు కదా! ఆ జంకు తీర్చుటకు వేలశాలవారు కనిపెట్టిన ఉపాయమే యీ పందెము. ‘మా దగ్గఱ కొనుడు, లక్షల బహుమతికి అర్హత పొందుడు’ అని వారి పిలుపు. పాట పెరిగినకొలది వారి కమీషనును పెరుగును.

ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్టులో 1987లో మేజిక్ మిలియన్స్ పందెము మొదలై స్నిపెట్స్ అను గుఱ్ఱము దానిని గెలిచెను. కాలక్రమమున దాని బహుమతి 20 లక్షల ఆస్ట్రేలియా డాలర్లను దాటినది. 1988లో ఐర్లండులో గాఫ్స్ వేలశాలవారు కార్టియే నగల సంస్థ పేర డబ్లినులోని ఫీనిక్స్ పార్కున పది లక్షల పందెమును నడిపిరి. న్యూజీలండులో 2008 నుండి కరాకా మిలియన్ నడచుచున్నది.

ఇక అసలు ప్రశ్న. ఇన్ని లక్షలు ఎక్కడినుండి వచ్చుచున్నవి? పత్రికలలో బహుమతి మొత్తము పెద్ద అక్షరములలో పడును. దాని పుట్టుక పడదు. చూచువారికి అది ఎవరో ధనికుని దానమువలె తోచును. నిజమునకు అందు పలు పాయలున్నవి. వేలశాల కొంత యిచ్చును. ప్రకటనకై ఏదో వ్యాపారసంస్థ కొంత యిచ్చును. పందెపు మైదానమువారు కొంత చేర్తురు. అన్నిటికంటె గమనింపదగిన పాయ మాత్రము యజమానులు, పెంపకందార్లు వాయిదాలుగ చెల్లించు నామినేషన్ రుసుము. వాయిదా తప్పినవాని గుఱ్ఱము జాబితానుండి తొలగును. అంతకుముందు కట్టినది తిరిగి రాదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో నల్లబల్లపై ఒక లెక్కగా వేసి చూపవచ్చును. ఇవి కేవలము ఊహించిన అంకెలు. ఐదువందల పిల్లలకు తలకు వేయి రూపాయల చొప్పున మొదటి వాయిదా కట్టిరనుకొందము, ఐదు లక్షలు. అందు మున్నూరుమంది ఆశ వదలుకొనగా మిగిలిన రెండువందలమంది రెండేసి వేలు కట్టిరి, నాలుగు లక్షలు. తుదకు ఇరువదిమంది మాత్రమే ఐదేసి వేలు చెల్లించి మైదానమునకు వచ్చిరి; లక్ష. మొత్తము పది లక్షలు. ఇప్పుడు పిల్లల నడుగుడు: పరుగెత్తిన ఇరువది గుఱ్ఱముల యజమానులు ఇచ్చినదెంత? ఒక్కొక్కరు ఎనిమిది వేలు, వెరసి లక్షా అరువది వేలు. తక్కిన ఎనిమిది లక్షల నలుబది వేలు మైదానము ముఖము చూడనివారివి. సొమ్మొకడిది, సోకొకడిది అన్న సామెత ఇక్కడ అక్షరాల సరిపోవును.

మన ఊళ్లలోని చీటీపాటతో దీనిని పోల్చి చూడుడు. అందును పలువురు వాయిదాలు కట్టుదురు, ఒకరు పాడుకొందురు. అయితే చీటీలో పాడినవాడు వదలుకొన్నది అందఱికి పంపకమగును. ఎవరి వంతు వారికి ఎన్నడో ఒకనాడు వచ్చును. అమ్మకపు పందెములో అట్టి వంతు లేదు. గెలిచినవాడు సింహభాగము కొనిపోవును. వెనుక వచ్చినవారికి కొంత దక్కును. మధ్యలో మానినవానికి చెల్లించిన రసీదు మిగులును.

ఇందు దోషమేమి, ఎవరును బలవంతపెట్టలేదు కదా యని కొందఱు వాదింతురు. ఆ వాదములో బలము లేకపోలేదు. చిన్న యజమానికి మహాపందెములలో గెలుచు ఆశ యెక్కడిది? పేరుమోసిన అశ్వశాలలు తమ ఇంటనే పుట్టిన మేలుజాతి గుఱ్ఱములతో ఆ పందెములను ఏలుచున్నవి. అమ్మకపు పందెములో వాని పోటీ కొంత తగ్గును. ఇంగ్లండులోని న్యూబరీలో 1991లో మొదలైన సూపర్ స్ప్రింట్ ఈ న్యాయమును ఇంకొక అడుగు ముందుకు తీసికొనిపోయినది. అందు వేలములో పలికిన వెలను బట్టి గుఱ్ఱము మోయవలసిన బరువును నిర్ణయింతురు. తక్కువ వెలకు కొన్నది తక్కువ బరువుతో పరుగెత్తును. 1992లో దానిని గెలిచిన లిరిక్ ఫాంటసీ అను చిన్న ఆడగుఱ్ఱము, ఆ యేడే యార్కు నగరమున పెద్ద గుఱ్ఱముల నోడించి నన్‌థోర్ప్ పందెమును సైతము గెలుచుకొన్నది. ఇట్టి పందెమును నేను మనసార మెచ్చుకొందును.

అయినను రెండు సందేహములు నన్ను విడువకున్నవి. మొదటిది గౌరవమునకు సంబంధించినది. ప్రవేశము అందఱికి లేని పందెములకు ఐరోపా ఖండమున ‘గ్రూప్’ పందెముల హోదా నీయరు. ధనమెంత పోసినను ఆ హోదా రాదు. ఆ కట్టుబాటు మంచిదే. బహుమతి పెద్దదైనంత మాత్రమున గెలుపు పెద్దది కాదని అది చెప్పుచున్నది. రెండవది మూగజీవమునకు సంబంధించినది. ఉత్తరార్ధగోళమున ఈ జాతి గుఱ్ఱములన్నిటికి జనవరి ఒకటవ తేదీయే పుట్టినరోజుగా లెక్క. మే మాసమున పుట్టినదియు, జనవరిలో పుట్టినదియు ఒకే ప్రాయమువి యగును. మితమైన శిక్షణ లేత ఎముకకు బలమే. కాని కట్టిన వాయిదాలు వ్యర్థము కారాదని, ఇంకను ఎదుగని పిల్లను తొందరపెట్టుట వేరు మాట. రుసుము కట్టినది యజమాని. ఆ తొందరకు వెల చెల్లించునది గుఱ్ఱము.

వేఱు మార్గము లేదా? ఉన్నది. అమెరికాలో జాన్ గేన్స్ అను పెంపకందారు 1982లో ప్రతిపాదింపగా 1984లో మొదలైన బ్రీడర్స్ కప్ పందెములకును మూలధనము పెంపకందార్లు చెల్లించు రుసుములే. అయితే ఆ గుఱ్ఱము ఏ వేలశాలలో అమ్ముడైనదని అక్కడ ఎవరును అడుగరు. అందఱు వేసిన విత్తు అందఱి పొలములో మొలచినట్లు, ఆ పందెములు శ్రేష్ఠతకే కొలబద్దలైనవి. అమ్మకమునకు అంగరక్షకుడై పుట్టిన పందెము అమ్మకముతోడనే క్షీణించును. డబ్లినులోని కార్టియే పందెము మూడేండ్లు మాత్రమే సాగినది. 1990లో ఫీనిక్స్ పార్కు మైదానమే మూతపడినది. 2006లో కుర్రాగ్ మైదానమున గాఫ్స్ వారు మరల లేవనెత్తిన పందెమును కొన్నేండ్లకే ఆగి, 2022లోగాని తిరిగి లేవలేదు.

ఈ దూరదేశపు ముచ్చట మన బడులకేల యని పాఠకులడుగవచ్చును. ప్రవేశ రుసుము పుచ్చుకొని వేలమంది బాలబాలికలకు ప్రతిభాపరీక్షలు జరిపి, ఒక్కనికి పెద్ద బహుమతినిచ్చి, వాని ఛాయాచిత్రమును గోడలకెక్కించు సంస్థలు మన ఊళ్లలోను లేకపోలేదు. అట్టి ప్రకటన బడికి వచ్చిననాడు ఉపాధ్యాయుడు మూడు ప్రశ్నలడుగవలెను. ఈ సొమ్ము ఎవరిది? ఓడినవానికి మిగులునదేమి? పరుగెత్తు పసివానికి అది మేలా? ఈ మూడింటికి జమాఖర్చుతో సహా బహిరంగముగ జవాబు చెప్పగలిగిన పందెము, గుఱ్ఱములదైనను పిల్లలదైనను, నడువవచ్చును. చెప్పలేనిదానికి మన పిల్లల పేర్లు వ్రాసి యివ్వకుండుటయే మేలు.