తలుపుకు గడియ, మాటకు చోటు

ఆమె వయసు ముప్పై అయిదు ఉంటుంది. పోచారం చెరువు దిగువన ఒక ఊరి నుండి వచ్చింది. రెండు నెలల్లో నాలుగుసార్లు మా ఓ.పి.కి వచ్చింది. ఒకసారి నడుం నొప్పి, ఒకసారి కడుపు నొప్పి, ఒకసారి తెల్లబట్ట, ఒకసారి నిద్ర లేకపోవడం. మూత్ర పరీక్ష, రక్త పరీక్ష, స్కానింగు అన్నీ బాగానే ఉన్నాయి. నాలుగుసార్లూ మాత్రలు ఇచ్చి పంపించాము. ఆ నాలుగింటిలో రెండుసార్లు ఆమెను ప్రశ్నలు అడిగింది నేనే. చీటీ బల్ల దగ్గర, వెనక పదిమంది వరుసలో నిలబడి వింటుండగా అడిగాను.

అయిదోసారి వచ్చినప్పుడు ఎందుకో ఆమె ముఖం చూసి డ్రెస్సింగ్ రూములోకి తీసుకెళ్ళి తలుపు వేశాను. "ఇంట్లో అంతా మంచిదేనా బిడ్డా?" అన్నాను. అంతే, ఏడ్చింది.

"రాత్రయితె భయమైతది సిస్టరమ్మా. పిల్లలు, అత్తమ్మ, మేము, అందరం ఒక్క అర్రలనే పంటం. ఆయనకు రెండు నెలల సెలవు. పిల్లకు పద్నాలుగేండ్లు, అది నిద్రపోతుందో లేదో ఎట్ల తెలుస్తది? నాతోని కాదంటె, నేను లేనప్పుడు ఇంకెవలన్న ఉన్నరా అంటడు."

ఆమెకు ఉన్న జబ్బు అది. ఏ స్కానింగులోనూ కనబడదు.

వారం తరువాత ఆయన వచ్చాడు. గల్ఫ్‌లో పనిచేస్తాడు. రెండేళ్ళకు ఒకసారి ఇంటికి వస్తాడు. నేను మనసులో ఆయన్ని దోషిగా నిలబెట్టే ఉంచాను. ఆయన తల వంచుకుని చెప్పిన మాట వేరు. "ఆడ ఒక్క రూముల ఎనిమిది మందిమి, మంచం మీద మంచం. నాకంటూ ఒక మూల లేదు. రెండేండ్లు దినాలు లెక్కవెట్టుకుంట ఇంటికొస్తె మొకం తిప్పుకుంటది. నేనేమనుకోవాలె సిస్టర్?"

ఇద్దరిలో ఎవరూ చెడ్డవారు కాదు. ఇద్దరికీ కావలసినవి రెండే: ఒక గడియ ఉన్న తలుపు, భయం లేకుండా మాట్లాడుకునే చోటు. అవి లేక పచ్చటి కాపురం అనుమానం దాకా వచ్చింది.

ఈ పత్రికలో షుగర్ గురించి, పచ్చకామెర్ల గురించి, పిల్లల టీకాల గురించి వ్రాస్తుంటాము. ఈ విషయం ఎందుకమ్మా అని పెద్దలు అడగవచ్చు. ముప్పై ఏళ్ళకు పైగా వార్డుల్లో తిరిగిన దానిగా నా అభిప్రాయం ఇది: ఆలుమగల ఏకాంతం ఆరోగ్యానికి సంబంధించిన విషయమే. దాని గురించి మాట్లాడకపోవడాన్ని మనం మర్యాద అనుకుంటున్నాము. ఆ మర్యాదకు మూల్యం నడుం నొప్పిగా, నిద్రమాత్రలుగా, తాగుడుగా, కొన్నిసార్లు పురుగుమందు కేసుగా మా ఆసుపత్రి గుమ్మంలోకి వస్తున్నది.

ముందు ఇల్లు

మన కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు గ్రామాల్లో ఇళ్ళు మీకు తెలియనివి కావు. ఒక పెద్ద అర్ర, ఒక వంట మూల, ముందు అరుగు. పగలంతా ఆ అర్రలోనే బీడీల చాట. రాత్రి పది దాకా ఆకు కత్తిరించి, దారం చుట్టిన స్త్రీ వేళ్ళు, నడుము ఏ స్థితిలో ఉంటాయో ఆ పని చేసిన వారికే తెలుసు. 2015లో మొదలైన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళ పథకంలో 560 చదరపు అడుగుల్లో రెండు పడక గదులు ఇచ్చారు. మంచి ఆలోచన. అయితే నేను చూసిన చాలా ఇళ్ళలో ఒక గదిలో బియ్యం బస్తాలు, ఇనుప పెట్టెలు పడుకుంటున్నాయి. మనుషులు మాత్రం అందరూ కలిసి టీవీ ముందు పడుకుంటున్నారు.

మరుగుదొడ్డి విషయంలో మనం మారాము. చెంబు పట్టుకుని చీకట్లో పోవడం సిగ్గు, ప్రమాదం అని ఒప్పుకుని ఇంటింటికీ దొడ్డి కట్టుకున్నాము. భార్యాభర్తలకు గడియ ఉన్న గది కూడా అలాంటి అవసరమే. కొత్త ఇల్లు కట్టేవారు దేవుని అర్రకు, వంటగదికి కొలతలు చూసుకున్నట్టే దీనికీ చూసుకోవాలి. ఉన్న ఇంట్లో చోటు లేకపోతే బస్తాలు అరుగు మీదికి జరపండి. గది లేనే లేదంటే పిల్లలను నాయనమ్మ దగ్గర ఇంకో పక్క పడుకోబెట్టండి. మందపాటి తెర కట్టండి. అత్తమామలకు నా మనవి: తలుపు వేసి ఉంటే తట్టండి, జవాబు వచ్చేదాకా ఆగండి. ఎదిగిన పిల్లలకు అదే నేర్పండి. వారి గది తలుపు కూడా మీరు తట్టే తెరవండి. తలుపు తట్టే ఇంట్లో పెరిగిన పిల్లవాడు రేపు ఎదుటివారి ఇష్టాన్ని అడగడం నేర్చుకుంటాడు.

కోరిక అందరికీ ఒక్కలా ఉండదు

ఆకలి అందరికీ ఒకే వేళకు, ఒకే అంత వేయదు. కోరికా అంతే. పెళ్ళయిన ఇద్దరిలో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఉండడం రోగమూ కాదు, తప్పూ కాదు. ఒకే మనిషిలో కూడా వయసును బట్టి, అలసటను బట్టి, మనసును బట్టి మారుతుంది. ఎప్పుడూ మగవారికే ఎక్కువ అనుకోవడం కూడా పొరపాటు. ఎక్కువ కోరిక ఉన్న భార్యలూ నా దగ్గరికి వచ్చారు. వారి బాధ ఇంకా పెద్దది. నోరు తెరిస్తే చెడ్డ పేరు వస్తుందని భయం.

అయితే ఉన్నట్టుండి మార్పు వస్తే కారణం వెదకాలి. స్త్రీలలో చూద్దాం. కాన్పు తరువాత శరీరం మానడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. పాలిచ్చే నెలల్లో హార్మోను తగ్గి యోని పొడిబారుతుంది, నొప్పి పుడుతుంది. నొప్పి పుట్టే చోట కోరిక ఎలా ఉంటుంది? రక్తహీనత, థైరాయిడ్, దిగులు జబ్బు కూడా కారణాలే. గర్భసంచి తీసేసే ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాలలో మన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపాయి. ముప్పై అయిదు, నలభై ఏళ్ళకే గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఆ స్త్రీకి ముట్లుడిగిన స్థితి ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ఒంట్లో ఆవిర్లు, పొడిబారడం, చిరాకు. "ఆపరేషన్ తర్వాత మారిపోయింది" అని భర్త అంటాడు. మార్పు మనసులో కాదు, హార్మోనులో. దీనికి పైపూత మందులు ఉన్నాయి. డాక్టరమ్మను అడగండి.

మగవారిలో షుగర్ ముఖ్య కారణం. అంగస్తంభన తగ్గడం కొన్నిసార్లు గుండె జబ్బుకు ముందస్తు హెచ్చరిక కూడా. కొన్ని బి.పి. మాత్రలు, దిగులుకు వాడే కొన్ని మందులు కోరికను తగ్గిస్తాయి. అలాగని వాటిని సొంతంగా మానేయకండి, మార్చి ఇవ్వమని డాక్టరును అడగండి. మద్యం, మత్తుమందు కలిపిన కల్లు నరాలను మొద్దుబారుస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం: స్నేహితుడు ఇచ్చాడని, బస్టాండులో దొరికిందని శక్తి మాత్రలు మింగకండి. గుండె నొప్పికి నాలుక కింద మాత్ర వాడేవారు అలాంటివి మింగితే బి.పి. ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. మరొక మాట. వేసెక్టమీ చేయించుకుంటే మగతనం పోతుందన్నది అబద్ధం. ఆ ఆపరేషన్ వీర్యకణాల దారినే ఆపుతుంది, హార్మోనును తాకదు. ఆ అబద్ధం వల్లే మన దగ్గర ఆపరేషన్ భారమంతా ఆడవారి మీద పడుతున్నది.

"వద్దు" అనే హక్కు

పెళ్ళయ్యాక భార్య వద్దనకూడదని చాలామంది నమ్మకం. కొందరు వాక్యం కూడా చూపిస్తారు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయంలో భార్య శరీరం మీద భర్తకు అధికారం ఉందని చెప్పిన చోటే, భర్త శరీరం మీద భార్యకూ అంతే అధికారం ఉందని చెప్పాడు. ఎడంగా ఉండాలన్నా ఇద్దరి సమ్మతితో ఉండమన్నాడు. సగం వాక్యం చదివి బలవంతానికి వాడుకోవడం న్యాయం కాదు.

ఈ ప్రశ్న మన హైకోర్టు ముందుకు కూడా వచ్చింది. 1983లో సినీనటి సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి గారు తీర్పు ఇచ్చారు. పదహారేళ్ళకే పెళ్ళయి, వేరుగా ఉంటున్న ఆమె తిరిగి తనతో కాపురం చేయాలని భర్త కడప కోర్టులో దావా వేశాడు. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ అలాంటి దావాకు వీలిస్తుంది. ఇష్టం లేని కాపురానికి మనిషిని కోర్టు ఆజ్ఞతో పంపితే ఆమె శరీరం, ఏకాంతం ఆమెవి కాకుండా పోతాయని, ఆ సెక్షన్ రాజ్యాంగానికి విరుద్ధమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏడు 1984లో సుప్రీంకోర్టు మరో కేసులో దీనితో విభేదించి ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. కానీ 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఏకాంతం పౌరుని ప్రాథమిక హక్కు అని ప్రకటించింది. 2005 గృహహింస చట్టం భర్త చేసే లైంగిక హింసను కూడా గృహహింసగానే చూస్తుంది. మన తెలుగు నేల మీద నలభై ఏళ్ళ క్రితమే ఒక న్యాయమూర్తి పలికిన మాట మన ఇళ్ళలోకి ఇంకా రాలేదు.

వద్దన్న మాట కూడా మెత్తగా ఉండాలి. "నీతో కాదు" అనడం వేరు, "ఈరోజు అలసిపోయాను, ఆదివారం పిల్లలు చిన్నమ్మ ఇంటికి పోతారు" అనడం వేరు. మొదటిది తలుపు మూస్తుంది, రెండోది దారి చూపిస్తుంది. అడిగేవారు కూడా పక్క మీద కాక, పగటిపూట మనసు కుదురుగా ఉన్నప్పుడు మాట్లాడాలి. చేయి పట్టుకోవడం, తల నిమరడం, కలిసి ఒక కప్పు చాయ తాగడం కూడా దాంపత్యమే. ప్రతి స్పర్శా అక్కడికే పోవాలని పట్టుబట్టితే భార్య చేయి కూడా ఇవ్వడానికి భయపడుతుంది. గల్ఫ్ నుండి వచ్చేవారు మొదటి వారం కొత్త చుట్టంలా మెల్లగా దగ్గర కావాలి. రెండేళ్ళ ఎడబాటు విమానం దిగగానే పోదు.

మా వంతు

పోచారం చెరువుకు అలుగు ఉంది. నిండిన నీళ్ళకు దారి ఉంది కాబట్టే 1922లో పూర్తయిన ఆ కట్ట ఇన్నేళ్ళు నిలిచింది. 2025 ఆగస్టు వరదలో ఏమవుతుందోనని అందరం వణికాము, అప్పుడూ నిలిచింది. మనసులో నిండిన మాటకు కూడా అలుగు కావాలి. ఆ చోటు ఆసుపత్రి ఇవ్వాలి.

మా నర్సింగ్ డిప్లొమాలో మూత్రపు గొట్టం వేయడం నేర్పారు, కాన్పు చేయడం నేర్పారు. ఈ మాట ఎలా అడగాలో ఎవరూ నేర్పలేదు. సిగ్గుపడి మేమూ అడగలేదు. నా కోరికలు మూడు. ఓ.పి.లో చీటీ బల్లకు దూరంగా, తలుపు ఉన్న ఒక చిన్న గది మాట్లాడడానికి ఇవ్వాలి. షుగర్ రోగులను, కాన్పు అయినవారిని, గర్భసంచి తీసినవారిని డిశ్చార్జికి ముందు ఈ విషయం తప్పక అడగాలి. విన్న మాట వార్డు దాటకూడదు, దాటించిన సిస్టర్‌ను నేనే పిలిచి అడుగుతాను. బలవంతం, దెబ్బలు ఉన్న చోట సర్దుకొమ్మని మేము చెప్పము. 181కి ఫోన్ చేయిస్తాము. మనసు కుంగినవారికి 14416 ఉంది, అక్కడ తెలుగులో మాట్లాడతారు.

ఆ దంపతుల సంగతి అడుగుతారు కదూ. అంతా చక్కబడిందని చెప్పను. సెలవులో మిగిలినవి పదిహేను రోజులు. వంట మూల పక్కనున్న బీడీ ఆకు గోనెలు తీసి, అక్కడ చిన్న అర్ర చేసుకుని తలుపు పెట్టించుకున్నారు. ఆయన తిరిగి వెళ్ళిపోయాడు. మొన్న ఆమె బి.పి. చూపించుకోవడానికి వచ్చింది. నడుం నొప్పి అనలేదు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "అమ్మా, ఇప్పుడు రోజు ఫోన్ల మాట్లాడుకుంటున్నం" అంది.

ఆ గడియ ఖరీదు నలభై రూపాయలట.