ఖబీలా అనే తేలిక జవాబు

మొన్న ఒక పాత కొలీగ్ వాట్సాప్‌లో సవాల్ విసిరాడు. "మీ సోమాలియాలో దాదాపు అందరూ ముస్లింలే కదా. భాష కూడా ఒకటే. మరి ముప్పై ఏళ్లకు పైగా ఒకళ్లనొకళ్లు ఎందుకు చంపుకుంటున్నారు?" ఆ "మీ" చూడండి. నేను ఎన్నడూ కాలు పెట్టని దేశం ఒక్క మెసేజ్‌తో నా పేరున పట్టా అయిపోయింది.

అదే వారం జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ బయట చాయ్ దగ్గర ఆ మెసేజ్ చదివి వినిపించాను. మా మొహల్లా చచా ఒకాయన కప్పు కింద పెట్టకుండానే ఫైసలా చెప్పేశాడు. "అంతా బయటివాళ్ల సాజిష్ బేటా. మన ఖౌమ్‌ని కలిసి ఉండనివ్వరు." చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. చాయ్ అయిపోయింది, బహస్ కూడా అయిపోయింది.

ఇద్దరి మీదా నాకు కోపం వచ్చింది. కానీ ముందు నా మీద నాకే రావాలి. 2011 జూలైలో దక్షిణ సోమాలియాలో కరువు అని ఐక్యరాజ్యసమితి ప్రకటించిన రోజుల్లో నేను డెస్క్‌లో ఉన్నాను. ఏజెన్సీ కాపీ వచ్చింది, టైమ్ లేదు, "తెగల కుమ్ములాటలో ఆకలి చావులు" అని హెడ్డింగ్ కొట్టి పేజీ పంపేశాను. బాగా కుదిరిందని ఖుషీ అయ్యాను కూడా.

అప్పుడు టోలీచౌకీలో సోమాలీ స్టూడెంట్లు చాలామంది ఉండేవారు. ఒక కుర్రాడితో నాకు సలామ్-దువా ఉండేది. హైదరాబాదీ ఉర్దూ నాలుగు ముక్కలు నేర్చుకున్నాడు. వాడికి ఆ పేపర్ చూపించి, ఇది నేను రాసిందే అని గొప్పగా చెప్పాను. "తెగ" అంటే ఏంటి భాయ్ అని అడిగాడు. ఖబీలా అన్నాను. ఆ మాటకు వాడికి తర్జుమా అక్కర్లేకపోయింది. సోమాలీలో కూడా అదే అరబ్బీ మాట, ఖబీల్. పేపర్ మడిచి నా చేతికిచ్చాడు. "మా నానా జమీన్ పోయింది ఖబీల్ వల్ల కాదు భాయ్, మొగదిషు ఆఫీసు కాగితం వల్ల" అన్నాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థం చేసుకోవడానికి చాలా పుస్తకాలు తిప్పాల్సి వచ్చింది.

ముందు కొలీగ్ సంగతి తేల్చేద్దాం, ఎక్కువ టైమ్ పట్టదు. సియాద్ బర్రే మొగదిషు వదిలి పారిపోయింది 1991 జనవరిలో. అల్-షబాబ్ పెద్ద బలంగా లేచింది 2006 చివర్లో ఇథియోపియా ఫౌజ్ లోపలికి వచ్చాక. మధ్యలో పదిహేనేళ్లు. ఆ పదిహేనేళ్లూ నగరాన్ని ముక్కలు చేసినవాళ్లలో ఎక్కువమంది మజ్‌హబ్ పేరు ఎత్తినవాళ్లు కాదు, ఫౌజీ బూట్లు తొడుక్కున్నవాళ్లు. అసలు బర్రే సాబ్ 1975 జనవరిలో, తన కొత్త కుటుంబ చట్టాన్ని మస్జిద్‌లో ఎదిరించారని పదిమంది ఆలిమ్‌లను కాల్చి చంపించాడు. చట్టం వారసత్వంలో ఆడవాళ్లకు సమాన హక్కు ఇచ్చింది. చట్టం మంచిదా చెడ్డదా అనేది వేరే బహస్. మాట్లాడినందుకు తూటా జవాబిచ్చే హుకూమత్‌ని "ఇస్లాం సమస్య" అని ఎలా అంటారు?

చచా దగ్గర దలీల్ లేదని నేను అనను. సోమాలియా జెండా మీద తెల్ల నక్షత్రానికి ఐదు కొనలు. బ్రిటిష్‌వాళ్లది ఒకటి, ఇటలీవాళ్లది ఒకటి, ఫ్రెంచివాళ్లది ఒకటి, ఇథియోపియా కింద ఒగాదెన్ ఒకటి, కెన్యాకు పోయిన ఉత్తర భాగం ఒకటి. ఒక్క ఖౌమ్‌ని ఐదు ముక్కలు చేసి కూర్చోబెట్టారు. 1960లో కలిసింది రెండు ముక్కలే. ఆ తర్వాత సోవియట్ యూనియన్ తుపాకులిచ్చింది. 1977లో బర్రే ఒగాదెన్ మీదికి పోగానే అదే సోవియట్ ఇథియోపియా పక్కకు దూకింది, క్యూబా ఫౌజ్ కూడా దిగింది. 1978 మార్చికల్లా సోమాలియా ఓడి వెనక్కి వచ్చింది. కొన్నాళ్లకే అమెరికా బెర్బెరా రేవు కోసం వచ్చి కూర్చుంది. ఇవన్నీ నిజమే చచా. కాదనేవాడు తారీఖ్ చదవనివాడు.

కానీ 1988 చూడండి. ఆ మే నెలలో సోమాలీ నేషనల్ మూవ్‌మెంట్ తిరుగుబాటుదారులు ఉత్తరాన బురావో, హర్గీసా పట్టణాల్లోకి చొరబడ్డారు. జవాబుగా బర్రే హర్గీసా మీద బాంబులు వేయించాడు. ఆ విమానాలు ఎక్కడి నుంచి లేచాయనుకున్నారు? హర్గీసా ఎయిర్‌పోర్టు నుంచే. ఊరి రన్‌వే మీద లేచి, ఊరి మీద బాంబులు వదిలి, మళ్లీ అదే రన్‌వే మీద దిగాయి. ఉత్తరంలో యాభై నుంచి అరవై వేలమంది చనిపోయారని ఆఫ్రికా వాచ్ 1990లో లెక్క కట్టింది. లక్షలమంది ఇథియోపియా సరిహద్దు దాటి ఎడారి క్యాంపుల్లో పడ్డారు. బాంబు వేయించినవాడూ, కింద చచ్చినవాడూ ఒకే ఖిబ్లా వైపు నిలబడేవాళ్లే. ఇక్కడ "సాజిష్" అని చేతులు దులుపుకుంటే, తన ఖాతిల్ ఎవరో పేరు పెట్టి చెప్పే హక్కును కూడా ఆ మజ్లూమ్ దగ్గర్నుంచి గుంజుకున్నట్టే. తుపాకీ ఎవడిచ్చాడో అడుగుదాం, తప్పకుండా అడుగుదాం. ట్రిగ్గర్ మీద వేలు ఎవడిదో కూడా అడగాలి కదా.

ఇక మిగిలింది నా హెడ్డింగ్. ఇదే అన్నిటికంటే ఇజ్జత్ ఉన్న జవాబు, అందుకే ఎక్కువ ఖతర్నాక్. దీని వెనక పెద్ద ఆలిమ్‌లు ఉన్నారు. ఐ. ఎం. లూయిస్ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త 1961 నుంచీ చెబుతూ వచ్చాడు, సోమాలీ సమాజం తండ్రి తరఫు వంశం మీద నిలబడిందని, రాజకీయమంతా ఆ కొమ్మల లెక్కేనని. అబ్ది ఇస్మాయిల్ సమతర్ లాంటి సోమాలీ పండితులు ఎదురు నిలిచారు. వంశం పాతదే, ఈ నాశనం కొత్తది, మధ్యలో రాజ్యం ఏం చేసిందో చూడండి అన్నారు. క్యాథరిన్ బెస్ట్‌మన్ అనే ఆమె జుబ్బా నది ఒడ్డున ఒక ఊళ్లో ఉండి వచ్చి, ఇక్కడ ఖబీలా కంటే జమీన్, రంగు, పాత గులామీ ఎక్కువ పని చేశాయని రాసింది. లూయిస్‌కూ ఆమెకూ జర్నల్లో గట్టి బహస్ నడిచింది. నేను ఎవరి వైపో దాచను, సమతర్, బెస్ట్‌మన్‌ల వైపు.

ఎందుకంటే బర్రే చేసిన పనులు చూడండి. మైకులో ఖబీలా హరామ్ అన్నాడు. దాని దిష్టిబొమ్మలు ఊరూరా తగలబెట్టించాడు. ఒకళ్లనొకళ్లు "జాల్లే", అంటే కామ్రేడ్, అని పిలుచుకోవాలన్నాడు. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే మంచి పనులు కూడా చేశాడు. 1972లో సోమాలీ భాషకు లిపి ఇచ్చాడు, రెండేళ్లకు స్కూలు పిల్లల్ని పల్లెలకు పంపి అక్షరాలు నేర్పించాడు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాకు లిపి విలువ ఒకరు చెప్పక్కర్లేదు. కానీ తెర వెనక? జనం చాటుగా మూడు అక్షరాలు చెప్పుకునేవారు: ఎం.ఓ.డి. మరేహాన్ తన ఖబీలా, ఒగాదెన్ తల్లి తరఫు ఖబీలా, ధుల్బహంతె అల్లుడిది. కుర్చీలన్నీ వాళ్లకే. 1978లో మజేర్తీన్ అఫ్సర్లు కొందరు తిరుగుబాటుకు దిగి ఫెయిలైతే, వాళ్ల ఖబీలా పశువుల కాపర్లు వాన నీళ్లు దాచుకునే తొట్లను ఫౌజ్ పగలగొట్టింది. ఎడారిలో నీళ్ల తొట్టి పగలగొట్టడం అంటే ఏమిటో వివరించాలా? కాపరికీ ఆ అఫ్సర్‌కీ వంశం తప్ప వేరే రిష్తా ఏముంది? ఆ రోజు నుంచి కాపరికి కూడా తన ఖబీలానే దిక్కు అయింది. అంతకుముందు అది వాడికి పెళ్లిళ్లకూ, ఖూన్‌కు బదులు ఒంటెలు కట్టడానికీ పనికొచ్చే బంధం.

హర్గీసాలో ఇంకా విచిత్రం. 1980ల మొదట్లో అక్కడి సర్కారీ దవాఖానా పాడుబడి ఉంటే, కొంతమంది డాక్టర్లు, టీచర్లు చందాలేసుకుని దాన్ని బాగుచేయడం మొదలుపెట్టారు. వాళ్లను జైల్లో పెట్టారు. 1982 ఫిబ్రవరిలో ముకద్దమా నడుస్తుంటే స్కూలు పిల్లలు రోడ్డెక్కి రాళ్లు విసిరారు. దవాఖానా ఊడ్చినవాడిని దుష్మన్‌గా చూసిన హుకూమత్ ఇది. దాన్ని వదిలేసి, తెగలు కుమ్ముకున్నాయి అని రాశాను నేను.

ఇప్పుడు ఆ కుర్రాడి నానా కాగితం దగ్గరికి వద్దాం. 1975 చట్టం ప్రకారం జమీన్ అంతా సర్కారుది. వాడుకోవాలంటే లీజు రిజిస్టర్ చేయించుకోవాలి. తరాలుగా జుబ్బా, షబెల్లె నదుల ఒడ్డున దున్నుకునే రైతుకు అంత దూరం పోయే దారి ఖర్చే లేదు. తెలిసినవాళ్లు, పైరవీ ఉన్నవాళ్లు, అఫ్సర్లు, వాళ్ల చుట్టాలు రిజిస్టర్ చేయించుకున్నారు. రైతు పొలంలో ఉండగానే పొలం ఇంకొకడిది అయిపోయింది. జిల్లాల్లో రిపోర్టర్‌గా తిరిగినవాడికి ఈ కథ కొత్తదా? పాస్‌బుక్‌లో ఒక పేరు, నాగలి పట్టిన చేయి ఇంకొకరిది. ఆ రైతుల్లో చాలామంది 19వ శతాబ్దంలో తూర్పు ఆఫ్రికా నుంచి గులాములుగా తెచ్చినవాళ్ల సంతానం. "జరీర్", గట్టి జుట్టువాళ్లు అని పిలుస్తారు. అందరూ ముసల్మాన్లే, ఒకే సఫ్‌లో నిలబడేవాళ్లే. పిల్లనివ్వమంటే మాత్రం ఇవ్వరు. మనలో జాత్-బిరాదరీ లేదని జల్సాల్లో చెప్పి, నిఖా మాట రాగానే "మీరు ఏవైపు వాళ్లు?" అని అడిగే మనకు ఇది చప్పున అర్థం కావాలి.

1991లో రాజ్యం కూలినప్పుడు తుపాకులున్నవాళ్లు ఈ జమీన్ మీదికే వచ్చారు. బర్రే ఫౌజ్ ఓడి వెనక్కి పోతూ, వచ్చిపోతూ, బైదోవా చుట్టుపక్కల పాతరల్లో దాచిన జొన్నలు తవ్వుకుపోయింది. (సోమాలీ రైతు కూడా గింజల్ని నేలలో పాతరేస్తాడని ఆ కుర్రాడే చెప్పాడు. మా తెలుగులో దానికి మాట ఉందని చెబితే ఆశ్చర్యపోయాడు.) 1992 కరువులో ఎక్కువగా చచ్చింది అక్కడి రహన్‌వైన్ రైతులు, నది ఒడ్డు జరీర్‌లు. కుమ్ములాటలో కుమ్మడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. నా హెడ్డింగ్ చచ్చినవాళ్లను కూడా కొట్లాటలో పార్టీ చేసేసింది.

ఆ కొట్లాటలో నాయకులెవరు? ఖబీలా పెద్దమనుషులా? మహమ్మద్ ఫరా ఐదీద్ బర్రే కింద జనరల్, 1980ల్లో మన ఢిల్లీలోనే సోమాలియా రాయబారి. మోర్గన్ జనరల్, బర్రే అల్లుడు. ఒమర్ జెస్ కల్నల్. ఐదీద్‌తో 1991 నవంబర్ నుంచి నాలుగు నెలలు మొగదిషులో ఫిరంగులతో పోరాడిన అలీ మహదీ హోటల్ వ్యాపారి. వాళ్లిద్దరూ ఒకే పార్టీ, పైకి ఒకే హవియె ఖబీలా. మరి ఖబీలానే కారణమైతే ఆ ఇద్దరూ ఎందుకు కొట్టుకున్నారు? ఉపఖబీలా అంటారు. దాని కింద ఇంకో ఉపఖబీలా. ఎంత చిన్న ముక్కకైనా ఆ పేరు సరిపోతుంది కాబట్టి అది ఏ ముక్కనూ వివరించదు.

ఒక చోట మాత్రం నా వైపువాళ్లతోనే నాకు పేచీ ఉంది. ఖబీలా అంతా పైవాళ్ల నాటకం అనేస్తే అదీ అబద్ధమే. 1991 మొదట్లో మొగదిషులో పక్కింటివాడే వంశం అడిగి చంపాడు. లిడ్విన్ కాప్టైన్స్ దాని మీద 2013లో ఒక పుస్తకమే రాసింది. చంపినవాళ్లు మామూలు జనం కూడా. బర్రే ఖబీలా పేరుతో ఊళ్లకు ఊళ్లను సజా వేశాడు, జనం అదే లెక్కను తిరిగి వాడుకున్నారు. లెక్క నేర్పింది ఎవరో చెప్పడం చంపినవాడిని బరీ చేయడం కాదు.

అయినా నా దలీల్ ఉత్తరంలో ఉంది. బాంబులు పడిన అదే సోమాలీలాండ్, 1991 మేలో విడిపోతున్నానని ప్రకటించి, 1993లో బోరమాలో నెలల తరబడి జల్సా పెట్టింది. కూర్చున్నది ఖబీలా పెద్దలే, గుర్తి అంటారు. చెట్ల కింద మాట్లాడుకుని, పాత ఖూన్ లెక్కలు తేల్చుకుని, ఒక సర్కారు నిలబెట్టారు. ఆ తర్వాత కూడా అక్కడ కొట్లాటలు అయ్యాయి. 2023లో లాస్ అనోద్‌లో జరిగింది చూశాం, అక్కడ స్వర్గం ఉందని నేను చెప్పను. కానీ అదే ఖబీలా ఒకచోట తుపాకీ దింపిస్తే, ఇంకోచోట ఎక్కిస్తే, తేడా ఖబీలాలో లేదు, దాన్ని పట్టుకున్న చేతిలో ఉంది.

దక్షిణానికి ఏం చేశారు? 2000లో జిబూతీలోని ఆర్తా సమావేశంలో పార్లమెంటు సీట్లు పంచడానికి ఒక ఫార్ములా తేల్చారు: నాలుగున్నర. నాలుగు పెద్ద ఖబీలాలకు తలా ఒక వాటా, మిగతా అందరికీ కలిపి సగం. ఆ కుర్రాడి నానా ఆ సగంలో ఒక పీలిక. జమీన్ సంగతి ఆ లెక్కలో లేదు.

కొలీగ్‌కు ఇదంతా రాసి పంపాను. బొటనవేలు బొమ్మ పెట్టాడు. చచాకు చెప్పాలని పోతే, అంతా విని "అయినా తుపాకులు ఎవరిచ్చారు?" అన్నాడు. సరైన సవాలే, వచ్చే జుమాకు మళ్లీ కూర్చుంటాం. డెస్క్‌లో మాత్రం ఒకటి మార్చుకున్నాను. సోమాలియా కాపీ వస్తే "తెగలు" అని కొట్టే ముందు ఏ ఊరు, ఎవరి జమీన్, ఏ ఫౌజీ అని వెతుకుతాను. చాలాసార్లు అందులో అవేవీ ఉండవు. అప్పుడు హెడ్డింగ్‌లో ఊరి పేరు, చనిపోయినవాళ్ల సంఖ్య పెట్టి పేజీ పంపుతాను.